సీమ చరిత్రను పిల్లల చేత తెలుగులో చదివించాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

మీరడిగింది క్లుప్తంగా ఇది. మీది ప్రొద్దుటూరు. పాప నాలుగో తరగతి, ఇంగ్లీష్ మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. బెంగళూరులో ఉన్న మీ అక్క కొడుక్కి పన్నెండేళ్లు. ఇంట్లో తెలుగే, బడిలో కన్నడం నేర్చినాడు, తెలుగు అక్షరం రాదు. ఎండాకాలం సెలవులకు ఇద్దరూ ఒక చోట ఉంటారు, మన రాయలసీమ చరిత్ర కథలుగా చదివించాలి, "మంచి పుస్తకం ఒక్కటి చెప్పండి" అన్నారు.

ఒక్కటి చెబితే ఇద్దరికీ నష్టమే. ఇద్దరికీ ఒకే విషయం ఇవ్వండి, పుస్తకం మాత్రం ఒకటే వద్దు. ఆ విషయం కూడా రాజుల వరుసతో మొదలుపెట్టకండి. బస్సెక్కి పోయి చూసి రాగలిగిన చెరువు, కోట, శాసనం, అట్లాంటి దాంతో మొదలుపెట్టండి. పాపకు ఒక్కో పేజీలో రెండు మూడు వాక్యాలుండే చిన్న పుస్తకం చాలు. అబ్బాయికి మొదటి వారం పది రోజులు అక్షరాలు, ఆ తర్వాత వయసుకు తగిన కథ. సీమ మీద ఈ స్థాయిలో రాసిన పిల్లల పుస్తకాలు బజారులో తక్కువ. అందుకని ఒకటి రెండు మీరే ఇంట్లో చేసుకోవాల్సి వస్తుంది. అదెట్లాగో కింద చెబుతాను.

చరిత్ర పుస్తకం పిల్లలకు ఎందుకు అడ్డం తిరుగుతుంది?

చాలామంది "చరిత్ర బోరు" అనుకుంటారు. అసలు చిక్కు పేర్ల దగ్గర. "శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో అష్టదిగ్గజాలు" అనే మూడు మాటలు చూడండి. శ్రీ, కృ, ష్ణ, స్థా, ష్ట, గ్గ: ఆరు చోట్ల పాప కన్ను ఆగుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. అదే గండికోట, పెనుకొండ, లేపాక్షి, గుత్తి అని రాయండి, ఆగే చోటు ఒకటో రెండో. మన ఊర్ల పేర్లు నోటికి తెలిసినవి, కంటికి తేలికైనవి. రాజుల పేర్లు రెండు విధాలా బరువు. ఊరి నుంచి మొదలుపెట్టమనడంలో అభిమానం కన్నా ఈ లెక్కే ఎక్కువ.

ఒత్తుల్లో కూడా తేడా ఉంది. ద, ప, బ లాంటి వాటి ఒత్తు ఆ అక్షరం మాదిరే కనిపిస్తుంది. త, న, మ, య, ర, ల ఈ ఆరింటి ఒత్తులు అక్షరాన్ని పోలి ఉండవు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ ఆరింటి దగ్గరే. అమ్మ, అన్న, అత్త, అయ్య, తెల్ల, ఎర్ర అనే ఆరు మాటలను ఒక అట్ట మీద పెద్దగా రాసి గోడకు తగిలించండి. చదువుతూ ఆగినప్పుడు "పైన అట్ట చూడు" అంటే చాలు, మీరు నోటితో అందించే పని తగ్గుతుంది.

ఇంకొకటి సంధులు. పాత పిల్లల పుస్తకాల్లో "రాజ్యమేలెను", "కోటను కట్టించెను", "చెరువునుండి" అని ఉంటాయి. మాట్లాడే తెలుగు వచ్చిన పిల్లలకు ఇది వేరే భాష లెక్క. "రాజ్యం ఏలినాడు" అని విడదీసి రాసిన పుస్తకమైతే చెవికి పరిచయమైన మాట కంటికి కనిపిస్తుంది. "కట్టించాడు" అని అచ్చులో ఉంటే మీ పాప "కట్టిచ్చినాడు" అని చదివిందనుకోండి, దిద్దకండి. అది తప్పు చదవడం కాదు, అర్థమై చదవడం.

కొనేముందు అంగట్లోనే చూసుకోవాల్సింది

మధ్యలో ఒక పేజీ తెరిచి పాప చేత పైకి చదివించండి. సుమారు నూరు మాటలు. తడబడిన మాటలు అయిదు లోపల ఉంటే తనే చదువుకోగల పుస్తకం. అయిదు నుంచి పది అయితే మీరు పక్కన కూర్చోవాలి. పది దాటితే అది మీరు చదివి వినిపించే పుస్తకం. కొనొద్దని కాదు, తన చేతికిచ్చి "చదువుకో" అని లేచిపోవద్దు, అంతే. ఒకే పేజీలో మూడుకు మించి కొత్త మనుషుల పేర్లుంటే దాన్ని పక్కన పెట్టండి. అక్షరం సైజు కన్నా వరుసల మధ్య సందు ముఖ్యం. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరుసలు ఇరుకైతే పై వరుస ఒత్తు, కింది వరుస గుడి కలిసిపోయి కనిపిస్తాయి.

ఎక్కడ దొరుకుతాయంటారా? చదివే అలవాటుకు అన్నిటికన్నా చవకైన దారి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు. ఉచితం, తెలుగు కథలు చాలా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. అందులో మెట్లు ఉంటాయి: ఒకటో మెట్టు 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. మీ పాపను తరగతి చూసి మూడో మెట్టులో వేయకండి, ఒకటితో మొదలుపెట్టండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తెలుగులో దొరుకుతాయి, ధర తక్కువ, కానీ భాష ఒక్కో పుస్తకానికి ఒక్కో రకం, తెరిచి చూసే కొనాలి. సికింద్రాబాద్ నుంచి "మంచి పుస్తకం" అనే పేరుతోనే ఒక ప్రచురణ సంస్థ ఉంది. వాళ్ల దగ్గర తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే పుస్తకాలు అడగండి.

చాలామంది చూడనిది మన ప్రభుత్వ పాఠ్యపుస్తకం. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా ఒక వైపు ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఇస్తున్నారు. ఇంగ్లీషు చదవగలిగిన మీ అక్క కొడుక్కి ఆరో తరగతి సాంఘికశాస్త్రం ఆ రూపంలో చాలా పనికొస్తుంది. భాష కొంచెం గట్టిదే, కానీ అర్థం పక్క పేజీలో ఉంది కదా.

బొమ్మల కథలు, అదే కామిక్స్, పన్నెండేళ్ల పిల్లలు ఇష్టంగా చదువుతారు. అక్షరాలు చిన్నవి, బుడగల్లో మాటలు విరిగి విరిగి ఉంటాయి. కాబట్టి అక్షరాలు నేర్చే దశలో వద్దు, రెండో నెలలో ఇవ్వండి.

కన్నడం వచ్చిన పిల్లవాడికి తెలుగు లిపి

ఇది మీకు కలిసొచ్చిన అదృష్టం. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి, చాలా అక్షరాలు చూస్తేనే పోల్చుకుంటాడు. అ ఆ ఇ ఈ నుంచి పలక పట్టించొద్దు, విసుగొస్తుంది. తేడా ఉన్నవాటి మీదే కూర్చోండి. క, త, శ లాంటి కొన్ని అక్షరాల ఆకారం వేరు. కన్నడంలో తల మీద అడ్డగీత మాదిరి ఉంటుంది, మనకు టిక్కు మాదిరి తలకట్టు. కన్నడంలో కీ, కే, కో రాసేటప్పుడు దీర్ఘానికి వేరే గుర్తు అక్షరం పక్కన వస్తుంది. తెలుగులో ఆ దీర్ఘం తల మీదే తేలిపోతుంది. అందుకని కన్నడం చదివే పిల్లలు కె–కే, కొ–కో తేడా గమనించరు. కొండ–కోట, పెన్న–పేట, ఇట్లా జతలు రాసి చదివించండి.

అన్నిటికన్నా పెద్ద గుంత "ర్". సూర్య, కర్ణ, ధర్మ లాంటి మాటల్లో కన్నడం వాళ్లు ఆ "ర్"ను తర్వాతి అక్షరం పక్కన చిన్న గుర్తుగా పెడతారు. తెలుగులో ఆ పద్ధతి పాత అచ్చు పుస్తకాల్లో ఉండేది, దానికి వలపలగిలక అని పేరు. ఇప్పుడు లేదు. ఇప్పుడు ర రాసి కింద ఒత్తు ఇస్తాం. కాబట్టి కర్నూలు, ధర్మవరం అనే రెండు పేర్లు మొదటి రోజే రాయించండి. ఆ రెండూ సరిగా చదివితే మిగిలినవి వాటంతటవే వస్తాయి.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాత్రం ఇవ్వకండి. అందులో పాట, పాత, పట అన్నీ ఒకే మాదిరి ఉంటాయి. ట–త, ల–ళ, న–ణ తేడా పోతుంది, పొడుగు పొట్టి పోతుంది. మరీ అవసరమైతే కన్నడ అక్షరాల్లో రాసివ్వండి, ధ్వని అయినా చెడదు.

ఆసక్తికి ఒక కొక్కెం కావాలంటే, 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది, కర్నూలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. "మీ వైపు, మా వైపు ఒకప్పుడు ఒకే జిల్లా" అంటే బెంగళూరు పిల్లవాడు చెవి పెడతాడు.

ఒకే విషయం, రెండు మెట్లు: పోరుమామిళ్ల చెరువు

మీ జిల్లాదే కాబట్టి దీన్నే తీసుకుంటాను. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. దాని శాసనం ఉంది. చెరువు కట్టడానికి ఏమేమి కావాలో పన్నెండు అంశాలు, ఉండకూడని దోషాలు ఆరు ఆ శాసనంలోనే చెప్పినారు. పిల్లల పుస్తకానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

పాపకు:

"ఇది మన చెరువు. చాలా పెద్ద చెరువు. దీన్ని భాస్కరుడు కట్టించినాడు. ఆయన రాజు కొడుకు. రోజూ వెయ్యి మంది పని చేసినారు. నూరు బండ్లు రాళ్లు మోసినాయి. పని రెండేళ్లు సాగింది. ఈ మాట ఒక రాయి మీద రాసి ఉంది."

ముప్ఫై ఒక్క మాటలే. ఒక్కో వాక్యం మూడు నుంచి ఏడు మాటలు. పేరు ఒక్కటే. ప్రతి వాక్యానికీ ఒక బొమ్మ గీసుకోవచ్చు. ఇంతకు మించి మొదటి రోజు పెట్టకండి.

అబ్బాయికి అదే విషయంలో దోషాలు ఇవ్వండి: కట్ట నుంచి నీళ్లు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై పారే భూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పారే భూమి తక్కువ కావడం. ఇచ్చి ఒక్క ప్రశ్న వేయండి: సరిహద్దులో చెరువు ఉంటే తప్పేమి? పన్నెండేళ్ల పిల్లవాడు దీనికి జవాబు వెతుక్కుంటాడు, బెంగళూరులో పెరిగినవాడైతే కావేరి గొడవ తనే తెస్తాడు. "ఈ కథలో నీతి ఏమి?" అనే ప్రశ్న మాత్రం వద్దు. అది వేసిన మరుక్షణం పిల్లలకు బడి గుర్తొస్తుంది.

పెద్దవాడికి రాసేటప్పుడు జరిగే తప్పు భాషతో పాటు విషయాన్నీ చిన్నది చేయడం. పన్నెండేళ్లవానికి అక్షరం కొత్త, బుర్ర కొత్త కాదు. "ఇది చెరువు, చాలా పెద్ద చెరువు" అని వానికిస్తే అవమానంగా తీసుకుని పుస్తకం మూస్తాడు. వాక్యం పొట్టిగా ఉండాలి, సంగతి మాత్రం వయసుకు తగ్గదై ఉండాలి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ అట్లా బాగా పనికొస్తుంది. పాలెగాళ్ల అధికారం పోయి కుంఫిణీ (ఈస్ట్ ఇండియా కంపెనీ) ఇచ్చే పింఛనుతో బతకాల్సి రావడం, 1846 తిరుగుబాటు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అందరి ముందు ఉరి. పాపకు ఉరి తర్వాతి వివరాలు చెప్పాల్సిన పని లేదు, వానికి చెప్పొచ్చు.

నిజం ఎంత, చెప్పుకునేది ఎంత

ఇక్కడ మీరు గట్టిగా ఉండాలి. పిల్లల చరిత్ర పుస్తకాల్లో పెద్ద లోపం, శాసనంలో ఉన్న మాటనూ, ఊర్లో చెప్పుకునే మాటనూ ఒకే గొంతుతో చెప్పడం. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టినాడనేది చెప్పుకునే కథ. ఆ గుడి అచ్యుతరాయల కాలంలో కట్టినదనేది చరిత్ర. బుక్కరాయసముద్రం చెరువు 14వ శతాబ్దంలో కట్టినది, అది చరిత్ర. గండి పడినప్పుడు ముసలమ్మ తన ప్రాణమిచ్చి కట్ట నిలబెట్టిందనేది జనం గుండెల్లో ఉన్న కథ. కథలు తీసేయమని కాదు, అవి తీసేస్తే పుస్తకంలో ఉప్పు ఉండదు. గుర్తు పెట్టండి చాలు: శాసనంలో ఉన్నదానికి చిన్న రాయి బొమ్మ, కాగితాల్లో ఉన్నదానికి కాగితం బొమ్మ, చెప్పుకునేదానికి నోరు బొమ్మ. పిల్లలు పుస్తకం మార్జిన్లో తామే గీసుకుంటారు. రెండు వారాల్లో "ఇది నోరా, రాయా?" అని మిమ్మల్నే అడుగుతారు.

జిల్లాల పేర్లతో కూడా జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినారు. పాత పుస్తకంలో లేపాక్షి అనంతపురం జిల్లా, బెలుం గుహలు కర్నూలు జిల్లా. ఇప్పుడు ఒకటి శ్రీ సత్యసాయి, ఇంకొకటి నంద్యాల. పుస్తకం తప్పు కాదు, పాతది. ఆ తేడా పిల్లలకే చెప్పి పెన్సిల్‌తో పక్కన రాయించండి.

ఏళ్ల లెక్క

తొమ్మిదేళ్ల పిల్లకు "క్రీ.శ. 575" అంటే ఏమీ కాదు. ఒక తాడు తీసుకోండి, ఒక సెంటీమీటరు ఒక ఏడాది. కర్నూలు రాజధాని అయింది ముప్పావు మీటరు లోపల. నరసింహారెడ్డి ఉరి రెండు మీటర్లకు కొంచెం తక్కువ. పోరుమామిళ్ల చెరువు ఆరున్నర మీటర్లు. కలమళ్ల శాసనం, అంటే ఎర్రగుంట్ల దగ్గర రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన మొదటి తెలుగు శాసనం, పద్నాలుగున్నర మీటర్లు. యర్రగుడిలో అశోకుని శాసనాలు సుమారు ఇరవై మూడు మీటర్లు. ఇంట్లో పట్టదు, వీధిలో పరచండి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందటి అగ్నిపర్వతపు బూడిద నేలలో దొరికింది, ఎక్కడో సుమత్రా దీవి నుంచి ఎగిరొచ్చింది. దానికి 740 మీటర్ల తాడు కావాలి! ఈ ఒక్క లెక్కతో అబ్బాయి మీ చేతుల్లో ఉంటాడు.

ఏళ్లను తెలుగులో పలికించండి. 1847ను "ఎయిటీన్ ఫార్టీసెవెన్" అని దాటేస్తారు. "పద్దెనిమిది వందల నలభై ఏడు" అనిపించండి. డెబ్బై, ఎనభై, తొంభై ఇంగ్లీష్ మీడియం పిల్లల్లో చాలామందికి రావు, ఇదే సందు.

ఇంట్లో పుస్తకం చేసుకోవడం

ఏ4 కాగితాలు నాలుగు మధ్యకు మడిస్తే పదహారు పేజీలు. పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి, లేకుంటే చివర ఖాళీలు మిగులుతాయి. అట్టకు నాలుగు పోతే పన్నెండు. ఎడమ పేజీలో రాత, కుడి పేజీలో బొమ్మ, అంటే ఆరు పేజీల రాత. పేజీకి ఇరవై మాటల చొప్పున నూట ఇరవై మాటల పుస్తకం. అంతే కావాలి. అక్షరం 18 లేదా 20 పాయింట్లు, వరుసల సందు ఒకటిన్నర. మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ చదవడానికి హాయిగా ఉంటాయి, అలంకారపు ఫాంట్లు వద్దు.

ప్రింటుకు పోయేటప్పుడు వర్డ్ ఫైలు తీసుకుపోవద్దు. చాలా డీటీపీ సెంటర్లలో "అను" అనే, యూనికోడ్ కాని పాత రకం ఫాంట్లు ఉంటాయి, మీ యూనికోడ్ ఫాంటు వాళ్ల కంప్యూటర్లో లేకుంటే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. పీడీఎఫ్ చేసి తీసుకుపోండి. "బుక్‌లెట్" అని చెప్పండి, రెండు వైపులా వేసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమనండి. పొడుగు అంచు మీద తిప్పితే వెనక పేజీ తలకిందులవుతుంది. ముందు ఒక్క కాపీ తీసి మడిచి చూసుకున్నాకే మిగిలినవి.

రోజువారీ

ఇరవై నిమిషాలు చాలు. మొదట మీరు చదవండి, పాప వేలు పెట్టి చూడాలి. తర్వాత ఇద్దరూ కలిసి. తర్వాత తను ఒక్కతే. ఒక పుస్తకాన్ని మూడు నాలుగు రోజులు చదివించడం తప్పు కాదు, రోజుకొక కొత్త పుస్తకం ఇవ్వడమే తప్పు. ఆగిన చోట మూడు లెక్కపెట్టేంత సేపు ఊరకుండండి, అప్పటికీ రాకుంటే మాట అందించి ముందుకు పోండి. ప్రతి తప్పూ దిద్దితే కథ పోతుంది, చేతిలో అక్షరాలే మిగులుతాయి. మధ్యమధ్య వేమన పద్యం ఒకటి వేయండి: పొట్టి పాదాలు, ఇంటి మాటలు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర కూడా తెలుగు నేర్చుకునేవాడే, ఆయన 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించింది వేమన పద్యాలనే. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అది పిల్లల లైబ్రరీ కాదు, అయినా తాటాకుల మీద తెలుగు ఎట్లుంటుందో చూపించడానికి ఒక పూట పోవచ్చు.

ఇద్దరూ కలిసినప్పుడు మొదటి ప్రయాణం యర్రగుడికి పెట్టుకోండి, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు పోతాయి, మడక దున్నినట్టు. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు అది చూస్తే పండగ. పొద్దున్నే పోండి, బండలు కాలకముందే, ఏటవాలు ఎండలో అక్షరాలు తేటగా కనబడతాయి. మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉంటే రాయంతా ఒకే రంగు. కనబడలేదని సుద్దముక్క రుద్దనివ్వకండి, రాయి పాడైపోతుంది. సీసాలో నీళ్లు పోసి తుడవడం కూడా వద్దు. సెల్‌ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే చాలు.